రంగు కాగితాల డబ్బా

పిల్లలూ! మీ ఇంట్లో రంగు కాగితాలు ఎక్కడ దాచుకుంటారు? పుస్తకాల సంచీ అడుగునా? పరుపు కిందా? లేక అమ్మ కంటపడకుండా బీరువా వెనకా? ఎక్కడ దాచినా సంక్రాంతి ముందు ఇల్లు దులిపే రోజున అవి బయటపడక తప్పదు. "ఈ చెత్తంతా ఎందుకు?" అని అమ్మ అడగకా తప్పదు. అది చెత్త కాదని మీకు తెలుసు. గోరంత నీలం ముక్కే కావచ్చు, కాని కాగితపు నెమలికి కన్ను పెట్టాలంటే అటువంటి ముక్క మళ్ళీ దొరకదు. అయితే ఆ మాట చెప్పి అమ్మను ఒప్పించటం చాలా కష్టం. ఎందుచేతనంటే, దాచినది తీరా కావలసి వచ్చినప్పుడు కనిపించదు. కనిపించినా నలిగిపోయో, అతుక్కుపోయో, పురుగు కొట్టో ఉంటుంది. అటువంటప్పుడు అమ్మ అన్నదే నిజమవుతుంది.

మీ వయసులో నేనూ కాగితాలు దాచినవాణ్ణే. ఒక డబ్బా నిండా దాచి, ఒక్కటైనా వాడకుండా పోగొట్టుకున్నాను. ఆ సంగతి ఇప్పుడు చెపుతాను. పెద్దవాళ్ళు కూడా చదవవచ్చును. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఉండే పెద్దవాళ్ళయితే మరీ మంచిది.

మాది నెల్లూరు జిల్లాలో, కావలికి తూర్పుగా, తుమ్మలపెంట దగ్గర ఒక చిన్న పల్లె. రాత్రిపూట అన్నం తిని అరుగు మీద కూర్చుంటే సముద్రపు హోరు వినిపించేది. నాయన ఊరి బళ్ళో అయ్యవారు. ఇంట్లో నాయనా, అమ్మా, అవ్వా, నేనూ ఉండేవాళ్ళం. మా మామ గూడూరు వైపు ఒక అభ్రకం గనిలో గుమాస్తా. ఒకసారి ఆయన వస్తూ పెద్ద బిస్కట్ల డబ్బా తెచ్చాడు. రేకు డబ్బా, మూత ఎంతో బిగువు. బిస్కట్లు అయిపోయినాక డబ్బా నాదయింది.

అందులో ఏమేమి ఉండేవో నాకు ఇప్పటికీ వరసగా గుర్తే. గాలిపటాలు చేసే పల్చటి కాగితాలు పన్నెండు. వాటిలో ఎర్రవి నాలుగు. కావలి అంగట్లో కొన్న గ్లేజు కాగితాలు, వెనకవైపు జిగురు పూసినవి, తడి చేస్తే అతుక్కునేవి. శుభలేఖల నుంచి కత్తిరించిన బంగారు రంగు అంచులు. ఉత్తరాల కవర్ల లోపలివైపు ఉండే నీలం గళ్ళ కాగితం. చాక్లెట్లకు చుట్టి వచ్చే వెండి రేకు, గోటితో నున్నగా రుద్దినది. పాత క్యాలెండర్ల అట్టలు. ఇవిగాక, మామ ఇచ్చిన అభ్రకపు పలకలు ఏడో ఎనిమిదో.

మీలో చాలామంది అభ్రకాన్ని చేతితో పట్టుకుని చూసి ఉండరు. అది ఒక రకం రాయి. కాని గోటితో మీటితే ఉల్లిపొరలాగా పొరలు పొరలుగా విడిపోతుంది. ఒక్కొక్క పొరలో నుంచి అవతలి వస్తువు కనిపిస్తుంది. నిప్పుకు అంటుకోదు, విద్యుత్తును పోనివ్వదు. అంచేతనే ఇస్త్రీపెట్టెల లోపల దాన్ని వాడారు. గూడూరు ప్రాంతపు అభ్రకం ఒకప్పుడు ఓడలెక్కి విదేశాలకు వెళ్ళింది. నాకు మాత్రం అది కాగితపు ఇళ్ళకు కిటికీ అద్దం. కాని ఆ ఇళ్ళు నేను ఎన్నడూ కట్టలేదు. కడితే అభ్రకం ఖర్చయిపోతుంది గదా!

అదీ నా వరస. ఆదివారం నాడు డబ్బా దించి అన్నీ లెక్కపెట్టుకునేవాణ్ణి. లెక్క సరిపోతే మళ్ళీ మూత బిగించి అటక మీద పెట్టేవాణ్ణి.

బళ్ళో నా పక్కన కూర్చునే కుర్రవాడు పట్టపుపాలెం నుంచి వచ్చేవాడు. పట్టపుపాలెం అంటే మా తీరంలో చేపలు పట్టేవాళ్ళు ఉండే పేట. అతని పేరు చెప్పను. ఇప్పుడతను పిల్లలు గల తండ్రి. ఇందులో తన పేరు చూస్తే నవ్వుతాడో, కోపగిస్తాడో చెప్పలేను. అతను నాకు గవ్వలు తెచ్చి ఇచ్చేవాడు. ఒకసారి ఎండిన నక్షత్రపు చేప కూడా తెచ్చాడు. 1989లో దీపావళి ముందు ఒకనాడు మా ఇంటికి వచ్చి, "ఒక్క ఎర్ర కాగితం ఇయ్యిరా. మా చెల్లెలు గాలికి తిరిగే పువ్వు అడగతా ఉండాది," అన్నాడు.

"అయిపోయినాయిరా," అన్నాను నేను.

డబ్బా మా నెత్తి మీద అటకలోనే ఉన్నది. అతను నమ్మాడు. మర్నాడు ఎప్పటిలాగే నాకొక గవ్వ తెచ్చాడు.

ఇక్కడ మా అవ్వ ఉప్పుజాడీ సంగతి చెప్పకపోతే కథ ముందుకు సాగదు. మా తీరంలో ఉప్పుకు కరువు లేదు. సముద్రపు నీటిని మడులలోకి పెట్టి ఎండగట్టి ఉప్పు తీస్తారు. మా ఇంట్లో పొడి ఉప్పు ఉండేది కాదు. పెద్ద రాళ్ళ ఉప్పు, పింగాణీ జాడీలో. అవ్వ తెల్లవారి లేవగానే ఆ జాడీలో చెయ్యిపెట్టి చూసేది. ఉప్పురాళ్ళు గలగలమంటే, "ఈ పొద్దు అప్పడాలు ఎండబెట్టొచ్చు," అనేది. చేతికి చెమ్మగా తగిలితే, "ఉప్పు చెమర్చింది. మూతలు తియ్యబాకండి," అనేది. అటువంటి రోజున పప్పుల డబ్బాలు గాని, బట్టల పెట్టె గాని తెరవనిచ్చేది కాదు. ఇదొక చాదస్తమని నేను అనుకునేవాణ్ణి.

చాదస్తం కాదు. గాలిలో ఎప్పుడూ కంటికి కనిపించని నీటి ఆవిరి ఉంటుంది. ఆ ఉష్ణోగ్రత వద్ద గాలి ఎంత ఆవిరి పట్టగలదో దాన్ని నూరు పాళ్ళు అనుకుందాం. అందులో 75 పాళ్ళు దాటితే శుద్ధమైన ఉప్పు కూడా గాలిలోని నీటిని లాగి కరగటం మొదలుపెడుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం లవణాలు కూడా కలిసి ఉంటాయి గనుక అది ఇంకా ముందే చెమరుస్తుంది. గాలిలో తేమ నూటికి 65, 70 పాళ్ళు దాటి రోజుల తరబడి అలాగే ఉంటే కాగితం మీద బూజు పుడుతుంది. చూశారా, రెండు లెక్కలూ ఎంత దగ్గరగా ఉన్నవో! కాగితానికి ప్రమాదం వచ్చిందని ఉప్పు మనకు చెపుతుందన్నమాట. అవ్వ దగ్గర తేమను కొలిచే యంత్రం లేదు. ఆమెకు జాడీ ఉన్నది.

ఆ సంవత్సరం దీపావళి వెళ్ళి రెండు వారాలైనా కాకముందే తుపాను వచ్చింది. మా జిల్లాకు ఎక్కువ వాన ఆషాఢ శ్రావణాలలో కాదు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యపు గాలితో వస్తుంది. తుపానులు కూడా ఎక్కువగా ఆ రోజులలోనే. ఈ తుపాను ఎక్కడో థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టింది. నవంబరు 4న ఆ దేశం మీద పడి, అక్కడి సన్నటి నేలను దాటి, మన బంగాళాఖాతంలోకి వచ్చింది. అంత నేల దాటిన తుపాను బలహీనపడాలి. ఇది మన సముద్రంలో మళ్ళీ బలం పుంజుకుని 8వ తేదీ రాత్రి సరిగా మా కావలి దగ్గరే తీరం దాటింది. దాని పేరు "గే". మా వైపు వాళ్ళు మాత్రం కావలి తుపాను అనే అంటారు.

ఆనాడు మధ్యాహ్నమే అందరూ బడికి వచ్చెయ్యమని చాటింపు అయింది. బడి ఒక్కటే గట్టి కప్పున్న కట్టడం. అమ్మ బియ్యం, దుప్పట్లు మూటగట్టింది. నేను అటకెక్కి నా డబ్బా దించాను. మూడు రోజులుగా ముసురు. కాగితాలు మెత్తగా, వడిలిన తమలపాకుల్లాగా ఉన్నాయి. అవి ఎందుకు అలా ఉన్నాయో నేను ఆలోచించలేదు. వాన నీళ్ళు లోపలికి పోకూడదు, అంతే. కొవ్వొత్తి వెలిగించి మూత చుట్టూ మైనం కార్చాను. అవ్వ చూసి, "ఉప్పు నీళ్ళు కారతా ఉండాది, ఇప్పుడు మూత బిగిస్తావేందిరా?" అన్నది. నేను వినిపించుకోలేదు. అందరికీ తొందరగా ఉన్నది.

ఆ రాత్రి సంగతి ఎక్కువగా చెప్పను. గాలి అరుపు చెవిలో ఉండిపోతుంది, మాటల్లోకి రాదు. బళ్ళో మాకు దొరికిన మూలనే పట్టపుపాలెం వాళ్ళూ ఉన్నారు. "డబ్బాలో ఏందిరా?" అని నా స్నేహితుడు అడిగాడు. "నాయన బడి కాగితాలు," అన్నాను. నేలంతా తడి. వాళ్ళ చెల్లెలికి నాలుగేళ్ళుంటాయి. ఆ పిల్లకు కూర్చోవటానికి పొడి చోటు లేక, మా అమ్మ నా డబ్బా మీద కూర్చోబెట్టింది. గోడకు ఆనుకుని ఆ పిల్ల తెల్లవార్లూ దాని మీదనే నిద్రపోయింది. నేను ఆ డబ్బానూ, ఆ పిల్లనూ చూస్తూ కూర్చున్నాను.

తెల్లవారి చూస్తే మా ఇంటి పెంకులు సగం లేవు. పాలెంలో వాళ్ళ ఇల్లు ఉన్న చోట ఇసుక ఉన్నది. వాళ్ళు చాలా రోజులు బళ్ళోనే ఉన్నారు. నా కాగితాలలో ఎర్రవి అతనికే ఇవ్వాలని నేను ఎన్నోసార్లు అనుకున్నాను. కాని డబ్బా తెరిస్తే నా అబద్ధం బయటపడుతుంది. అంచేత ఇప్పుడు కాదు, రేపు, రేపు అంటూ రెండు నెలలు గడిపాను.

భోగి నాడు ధైర్యం చేశాను. అతన్ని ఇంటికి పిలిచి, "నీకు ఒకటి ఇయ్యాల," అని చెప్పి, కత్తితో మైనం గీకి మూత తీశాను.

ముందు వాసన వచ్చింది, తడి గోనెపట్టా వాసన. మూత లోపలివైపు తుప్పు. గ్లేజు కాగితాలన్నీ వెనక జిగురు కరిగి, ఒకదానికొకటి పట్టుకుని ఇటుకలాగా అయినాయి. శుభలేఖల అంచుల మీద బూజు నల్లగా, పచ్చగా పొడిపొడిగా ఉన్నది. గాలిపటాల కాగితాలు పన్నెండూ ఒకే అట్ట. ఎరుపు నీలంలోకీ, నీలం పసుపులోకీ దిగి ఉన్నాయి. చెక్కుచెదరకుండా మిగిలినవి వెండి రేకులూ, అభ్రకమూ మాత్రమే. రేకూ, రాయీ తేమను పీల్చవు గదా!

అతను ఆ అట్టను వేలితో తట్టి, "ఎర్రవి ఉండినాయే," అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు. నాకు తల ఎత్తటానికి సిగ్గయింది.

అవ్వ వచ్చి మూత లోపల చేత్తో తడిమి చూసింది. "కాగితాలతోపాటు తేమను గూడా దాచినావురా అబ్బయా," అన్నది.

నిజంగా జరిగింది అదే. ఒక చెంబులో చల్లని నీళ్ళు పోసి పెట్టండి. కాసేపటికి చెంబు బయట నీటి బొట్లు పడతాయి. అవి చెంబులోంచి కారినవి కావు. గాలిలోని ఆవిరి చల్లటి లోహాన్ని తాకి నీరైనది. మైనం పెట్టిన నా డబ్బాలో కూడా ఇటువంటిదే జరిగింది. లోపల చిక్కుకున్న గాలి తేమ గాలి, కాగితాలు తేమ కాగితాలు. పగలు డబ్బా వేడెక్కితే కాగితంలోని నీరు ఆవిరయ్యేది. రాత్రి రేకు చల్లబడితే ఆ ఆవిరే నీరై కాగితం మీద పడేది. రెండు నెలలు ఇలాగే! బయటి వాన ఒక్క చుక్క లోపలికి పోలేదు. నా మైనం తన పని తాను చేసింది. లోపలి నీరు బయటికి పోవటానికి మాత్రం దారి లేదు.

నేను ఆ అట్టను పట్టుకుని ఒక మూల నుంచి లాగబోయినాను. నా స్నేహితుడు నా చెయ్యి పట్టుకుని, "లాగబాక! తడి వల చిక్కుపడితే ఎండబెట్టి లాగరు, నీళ్ళల్లోనే విప్పుతారు," అన్నాడు. వెడల్పాటి ఇత్తడి తాంబాళంలో నీళ్ళు పోయించాడు. అట్టను నీళ్ళలో పెట్టి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నాకు తొందర, అతనికి లేదు. కొంతసేపటికి పై కాగితం మూల దానంతట అదే తేలింది. దాని కిందికి అరిటాకు ముక్క పోనిచ్చి, కాగితాన్ని ఆకుతో సహా పైకి తీశాడు. చేత్తో తీస్తే చిరుగుతుంది; ఆకు మీద అయితే బరువు ఆకు మోస్తుంది. ఆకును బోర్లించి కాగితాన్ని పాత చీర మీద పరిచి, ఆకును మెల్లగా లాగేశాడు. పుస్తకాలను, పటాలను బాగుచేసే నిపుణులు కూడా తడిసిన కాగితాన్ని ఇలాగే, కింద ఏదో ఒక ఆధారం పెట్టి ఎత్తుతారని నేను చాలా కాలం తరవాత తెలుసుకున్నాను. పదేళ్ళ కుర్రవాడికి అది వల నేర్పింది.

పన్నెండింటిలో ఏడు దక్కాయి. ఎండలో కాదు, వసారా నీడలో ఆరబెట్టాం. ఎండలో అయితే ఎరుపు, గులాబి రంగులు ముందుగా వెలిసిపోతాయి. ఆరిన తరవాత చూస్తే ఒక్కటీ ఇంతకు ముందరి కాగితం కాదు. ఎరుపు మీద నీలం మబ్బులు, పసుపు మీద ఎర్రటి చారలు. నాకు ఏడుపు వచ్చింది. కాని అతను అందులో బాగా కలగలిసినదాన్ని తీసుకుని, చదరంగా కత్తిరించి, నాలుగు మూలల నుంచి లోపలికి చీల్చి, చీరిన కొసలను నడిమికి మడిచి, చీపురుపుల్లకు గుచ్చాడు. పల్చటి కాగితం నిలబడదని వెనక అభ్రకపు పొర ఒకటి ఆనించాడు. వాళ్ళ చెల్లెలు దాన్ని పట్టుకుని సముద్రం గట్టు దాకా పరుగెత్తింది. తిరుగుతుంటే ఆ రంగులు ఏ రంగో చెప్పలేకపోయినాము.

రంగులు చెదిరిన కాగితమే కావాలని వెతికిన మనిషి ఒకామె ఉన్నదని పెద్దవాణ్ణయినాక చదివాను. ఇంగ్లండులో మేరీ డిలేనీ అనే ఆమె 1772లో, తనకు 72 ఏళ్ళ వయసులో, ఒక ఎర్ర పువ్వు పక్కన ఎర్ర కాగితపు ముక్క పడి ఉండటం చూసింది. రెండింటి రంగూ ఒకటే! వెంటనే కత్తెర తీసుకుని ఆ కాగితాన్ని రేకులు రేకులుగా కత్తిరించి పువ్వు చేసింది. అది మొదలు పదేళ్ళపాటు, కళ్ళు కనిపించినంత కాలం, నల్లటి కాగితం మీద చిన్న చిన్న రంగు ముక్కలు అతికించి దాదాపు వెయ్యి మొక్కల బొమ్మలు తయారుచేసింది. కాగితాలకు రంగు వేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళి, రంగులు కారి పాడైపోయిన కాగితాలు ఏరి కొనుక్కునేది. ఎందుకంటే, నిజమైన రేకు ఏదీ ఒకే రంగులో ఉండదు. ఆమె చేసిన పువ్వులు లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. రెండువందల ఏళ్ళు దాటినా ఆ ముక్కలు ఊడిపోలేదు. అయితే ఇంగ్లండు గాలి వేరు, మా తుమ్మలపెంట గాలి వేరు.

మా గాలికి సరిపోయే పద్ధతి నాకు కుదరటానికి చాలా ఏళ్ళు పట్టింది. మీకు అంతకాలం పట్టనక్కరలేదు.

రేకు డబ్బాకంటే అట్టపెట్టె మంచిది. బట్టల కొట్లో చీరలకు ఇచ్చే పల్చటి వెడల్పాటి పెట్టె అన్నిటికంటే మేలు. అట్ట కొంత తేమను తాను పీల్చుకుంటుంది, ఎండినప్పుడు వదిలేస్తుంది; లోపలి కాగితాలకు ఒక్కసారిగా దెబ్బ తగలదు. పెట్టెను గోడకూ నేలకూ ఆనించవద్దు. వానాకాలంలో గోడ నీళ్ళు తాగుతుంది. ఉప్పు గలగలమనే రోజున పెట్టె తెరిచి, కాగితాలు తిరగేసి, ఒక పూట గాలి తగలనిచ్చి మళ్ళీ మూయాలి. మందుసీసాలలో, కొత్త చెప్పుల పెట్టెలలో తేమ పీల్చే గుళికల పొట్లాలు చిన్నవి వస్తాయి గదా, వాటిని పారెయ్యకుండా ఒకటి రెండు వెయ్యండి. కాని అవి తినేవి కావు. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఉన్న ఇళ్ళలో జాగ్రత్త.

వేపాకు వెయ్యవచ్చునా అని అడుగుతారు. మా అవ్వ పచ్చి వేపాకే వేసేది. అవ్వ మాట చాలావరకు వేదమే గాని, ఇందులో మాత్రం ఆమె పొరబడింది. పచ్చి ఆకులో నీరుంటుంది. అదీ కాగితంలోకే పోతుంది. నీడన పూర్తిగా ఎండి గలగలమనే ఆకు వెయ్యాలి. అదైనా పురుగు రాకుండా కాపాడుతుందని పూర్తిగా నమ్మకండి. వెండి రంగులో, చిన్న చేపపిల్ల ఆకారంలో, మూత తీయగానే చరచర పారిపోయే పురుగును చూశారా? దానికి కావలసినవి మూడు: చీకటి, చెమ్మ, పిండి. మైదా జిగురుతో అంటించిన పాత గాలిపటం మీరు పెట్టెలో దాస్తే దానికి పెళ్ళిభోజనం పెట్టినట్టే. మైదా అంటినవి వేరుగా పెట్టండి. తుమ్మబంక అయితే కొంత నయం. మా వైపు తుమ్మలకు లోటు లేదు, మా పక్క ఊరి పేరులోనే తుమ్మ ఉన్నది! పుస్తకాలకు అట్టలు వేసేవాళ్ళు మైదాలో మైలతుత్తం కలుపుతారు. అది విషం, మీరు తాకవద్దు.

కొత్త రంగు కాగితాల మధ్య పాత వార్తాపత్రికలు పెట్టకండి. ఆ కాగితం కలప గుజ్జుతో చేసినది. వెలుతురూ గాలీ తగిలి పచ్చబడేటప్పుడు దానిలో ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం పక్క కాగితానికి కూడా పాకుతుంది.

ఇక, ముక్కలను ఎలా విడదీయాలి? చాలామంది రంగును బట్టి విడదీస్తారు. చూడటానికి బాగానే ఉంటుంది, కాని నాకు నచ్చదు. పెద్ద కాగితాల నడుమ గోరంత ముక్కలు ఇరుక్కుని నలిగిపోతాయి. నేను కొలతను బట్టి పెడతాను. నిండు కాగితం మడవకుండా పెట్టె అడుగున. చేతి వెడల్పు ఉన్నవి దాని పైన. అంతకంటే చిన్నవి పాత శుభలేఖ కవర్లలో. కవరు మీద ఏమీ రాయను. అందులోని ముక్క ఒకటి బయటికి కనిపించేటట్టు మూలన అంటిస్తాను. చూడగానే తెలుస్తుంది, చదవటం రాని పిల్లలకు కూడా.

ఒక చిన్న పరీక్ష చెపుతాను, స్వయంగా చేసి చూడండి. పాత వార్తాపత్రికను పైనుంచి కిందికి చించండి. సాధారణంగా తిన్నగా చిరుగుతుంది. అడ్డంగా చించండి. వంకరటింకరగా చిరుగుతుంది. కర్రలో ఉన్నట్టే కాగితంలో కూడా నార వరస ఉంటుందన్నమాట. యంత్రంలో తయారయ్యేటప్పుడు నారలు ఎక్కువగా ఒకే దిక్కున పడుకుంటాయి. తేమ తగిలితే ప్రతి నారా లావెక్కుతుంది గాని, పొడుగు పెద్దగా పెరగదు. అంచేత కాగితం ఒక వైపే సాగి, చుట్టుకుపోతుంది. కాగితాలను నిలువుగా పెట్టవలసి వస్తే నార వరస నిలువుగా ఉండేటట్టు పెట్టండి. నడుము వంగకుండా నిలబడతాయి.

ఇక దేనికీ పనికిరాని ముక్కలు ఉంటాయి. మా డబ్బాలో గ్లేజు కాగితాల ఇటుక మిగిలింది గదా! అది నీళ్ళలో కూడా విడిపోలేదు. దాన్ని అవ్వ తీసుకున్నది. ఆమెకు కాగితపు గంపలు చెయ్యటం వచ్చు. మీ అవ్వలకూ, అమ్మమ్మలకూ వచ్చే ఉంటుంది, అడిగి చూడండి. బూజు గీకేసి, ఇటుకను ముక్కలు చేసి, నాయన బడి పాత కాగితాలు కూడా కలిపి మూడు రోజులు నీళ్ళలో నానబెట్టింది. మెంతులు విడిగా నానబెట్టింది. రెండూ కలిపి రోట్లో వేసి నేనూ, నా స్నేహితుడూ వంతులవారీగా రుబ్బాము. మెంతులు జిగురుకు జిగురూ, చేదుకు చేదూ. వాటి వాసనకు పురుగు తొందరగా రాదని అవ్వ నమ్మకం. ఆ ముద్దను బోర్లించిన కుండ మీద పాత గుడ్డ పరిచి, దాని పైన వేలెడు మందాన అవ్వ మెత్తింది. బాగా ఎండిన తరవాత కుండ మీద నుంచి ఊడదీస్తే గంప! దానికి పసుపు పూసింది. అక్కడక్కడ గ్లేజు కాగితపు తునకలు నలగకుండా మిగిలి, ఎర్రగా, ఆకుపచ్చగా మెరుస్తూ ఉండేవి.

దక్కిన ఏడు కాగితాలలో ఒకటి గాలిపువ్వుకు పోయింది. మూడు అతనికి ఇచ్చాను. తక్కినవి గంపలో వేసుకున్నాను. గంపకు మూత లేదు. పాత పలచటి పంచె ముక్క కప్పేవాళ్ళం. ఎవరు చెయ్యిపెట్టినా అందేది. బళ్ళో చాలామంది చెయ్యిపెట్టారు కూడా.

ఆ గంప ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నది. అంచు ఒకచోట విరిగింది. మెంతుల వాసన పోయి చాలా ఏళ్ళయింది. అందులో నీలం మీదికి ఎరుపు దిగిన కాగితం ఒకటి మిగిలి ఉండేది. మొన్న మా అమ్మాయి బడికి ఏదో పువ్వు చేసుకుపోవాలని అడిగితే ఇచ్చాను. నార వరస చూసుకోకుండా అడ్డంగా చించినట్టున్నది, అంచు వంకరగా వచ్చింది.